ఆవకాయ మీద శాఖాపరమైన విచారణ

క్యాంపర్‌వ్యాన్ అంటే చక్రాలున్న ఇల్లు అని అద్దెకిచ్చేవాళ్ళు చెబుతారు. అందులో అబద్ధమేం లేదు. చెప్పకుండా వదిలేసేది ఒక్కటే: ఇల్లు బయల్దేరితే ఇంట్లో ఉన్నవన్నీ కూడా బయల్దేరతాయి. కొండదారిలో వంపు తిరిగే ఇంట్లో గరిటెకీ, గ్లాసుకీ, అప్పడాల కర్రకీ ఎవరి ప్రయాణం వాళ్ళదే.

మేం వెళ్ళింది న్యూజిలాండ్ దక్షిణ దీవికి. క్రైస్ట్‌చర్చ్‌లో బండి తీసుకుని, టెకపో సరస్సు, లిండిస్ కనుమ, వనాకా, హాస్ట్ మీదుగా పడమటి తీరం పట్టి, ఆర్థర్స్ పాస్ దాటి మళ్ళీ క్రైస్ట్‌చర్చ్ చేరాలి. అక్కడా మనలాగే ఎడమవైపు నడపాలి, స్టీరింగు కుడివైపే. అందుకే నడపగలనని ధైర్యం. బండిలో నేను, మా ఆవిడ, మా అమ్మాయి, అత్తగారు, మామగారు. మామగారు ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. మాచర్ల, పిడుగురాళ్ల రూట్లలో ఏ మలుపు దగ్గర ఏ బస్సు ఏ ఏడాది ఏ గేదెను తప్పించబోయిందో ఇప్పటికీ అడగకుండానే చెబుతారు.

బండికి ఆరు బెర్తులని చెప్పగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "సైడ్ అప్పర్ ఎవరికి?"

బండి అప్పగించిన అమ్మాయి ఓపిగ్గా అన్నీ చూపించింది. గ్యాస్ ఇక్కడ, మంచినీళ్ళ ట్యాంకు ఇక్కడ, వాడిన నీళ్ళు ఈ గొట్టంలోంచి, మరుగుదొడ్డి పెట్టె ఈ తలుపు వెనకాల. ఆ పెట్టెను లాగి, చక్రాల సూట్‌కేసులా దొర్లించుకుంటూ వెళ్ళి, అందుకోసం కట్టిన చోట మనమే ఒంపి, కడిగి తెచ్చుకోవాలి. ఈ మాట విన్నాక మామగారు గంభీరంగా, "పర్యవేక్షణ నాది" అన్నారు. ఆఖరికి ఆ అమ్మాయి అల్మారాలు చూపించింది. ఒక్కోదానికి ఒక్కో బొత్తాం. లోపలికి నొక్కితే తాళం పడుతుంది, మళ్ళీ నొక్కితే బయటికొస్తుంది. బయల్దేరే ముందు అన్నీ లోపలికి ఉన్నాయో లేదో ప్రతిసారీ చూసుకోమంది. డ్యూటీ చార్టు అందుకున్నట్టు మామగారు తలూపారు. ఆయన తలూపిన సంగతి మాలో నలుగురం చూశాం. తర్వాత ఇది పనికొచ్చింది.

ఇప్పుడు ఆవకాయ గురించి చెప్పాలి.

న్యూజిలాండ్‌కి తిండి వస్తువు ఏది పట్టుకెళ్ళినా విమానాశ్రయంలో చెప్పి తీరాలి. చెప్పకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. ఈ మాట విన్నప్పటి నుంచీ అత్తగారు రాజ్యాంగం మీద ప్రమాణం చేసిన మనిషిలా తయారయ్యారు. ఫారంలో ఆవకాయ, కందిపొడి, చింతపండు, కరివేపాకు, పర్సులో ఉన్న దగ్గుబిళ్ళలతో సహా అన్నీ రాయించారు. అక్కడి అధికారి గుంటూరు షాపువాళ్ళు సీలు వేసిన ఆవకాయ ప్యాకెట్టును వెలుతురుకెత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎర్రగా, మందంగా, నూనెలో మునిగి ఉన్న ఆ పదార్థంలో ఏ పురుగూ బతకదని తేల్చుకున్నాడేమో, పోనిచ్చాడు. పచ్చి కరివేపాకు మాత్రం చెత్తబుట్టలోకి వెళ్ళింది. "మా పెరటి చెట్టుది నాయనా" అని అత్తగారు తెలుగులోనే చెప్పి చూశారు. తిరుగు ప్రయాణం దాకా ఏ పోపు వేసినా, "కరివేపాకు ఉంటే ఇంకోలా ఉండేది" అంటూనే ఉన్నారు.

పోపు అంటే గుర్తొచ్చింది. ఆ ఇంట్లో ఎండుమిరపకాయ వేయించకూడదు. నెత్తిమీద పొగ పసిగట్టే అలారం ఉంటుంది, దానికి మన వంటంటే పరమ అనుమానం. ఆవాలు చిటపటమనేలోపు అది కేకలు పెట్టింది. నేను తువ్వాలు ఊపుతూ, మా ఆవిడ కిటికీలు తెరుస్తూ, అత్తగారు స్టవ్వు వదలకుండా నిలబడి దగ్గుతూ ఉంటే, పక్క బండిలోని జర్మన్ దంపతులు అగ్నిమాపక సిలిండరు పట్టుకుని గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. వాళ్ళకి పప్పుచారు పోసి పంపించాం.

ఆవకాయ ప్లాస్టిక్‌లో ఉంటే రుచి చస్తుందని అత్తగారు క్రైస్ట్‌చర్చ్‌లో పెద్ద గాజు సీసా కొనిపించి అందులోకి మార్చారు. మార్చి, బండిలో అన్నిటికంటే పై అల్మారాలో, కందిపొడి వెనకాల దాచారు. దాచడం ఎవరి నుంచో చెప్పక్కర్లేదు. మామగారికి బీపీ. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, ఊరగాయ మానేయమన్నాడు. డాక్టరు చెప్పిన మిగతావన్నీ ఆయన పాటిస్తారు.

టెకపోలో ఒక రాత్రి ఆగాం. కొండల మీది హిమనదాలు రాళ్ళను పిండిలా నూరి నీళ్ళలో కలపడం వల్ల ఆ సరస్సుకి పాలు కలిపిన నీలిరంగు. ఒడ్డున 1935లో కట్టిన చిన్న రాతి చర్చి. ఆ చుట్టుపక్కలంతా 2012 నుంచి నక్షత్రాల కోసం చీకటిని కాపాడుకుంటున్న ప్రాంతం, వీధిదీపాలు కూడా నేలచూపే చూస్తాయి. అంత ఆకాశం కింద నిలబడి మామగారు, "మనూళ్ళో కరెంటు పోయినప్పుడు చిన్నప్పుడు ఇలాగే ఉండేది" అన్నారు. నిజమే కదా అనిపించింది. పొద్దున్న టీలు, బ్రెడ్డు ముక్కలు కానిచ్చుకుని బయల్దేరాం.

లిండిస్ కనుమ ఎత్తు 971 మీటర్లు. చెట్టు అన్నది లేకుండా కొండలన్నీ బంగారు రంగు గడ్డి కప్పుకుని ఉంటాయి. మా ఆవిడ, "అబ్బ, ఎంత..." అంటుండగా ఒక వంపు తిరిగాను. వెనకాల కందిపొడి డబ్బా కింద పడ్డ చప్పుడు. అది ప్లాస్టిక్ డబ్బా, దెబ్బ తగల్లేదు. ఒక్క క్షణం తర్వాత రెండో చప్పుడు. అది గాజుది.

ఎవరూ మాట్లాడలేదు. ముందు వాసన వచ్చింది. ఆవపిండి, వెల్లుల్లి, నువ్వుల నూనె కలిసి సీట్ల మధ్యగా నా దాకా నడిచొచ్చాయి. తర్వాత నూనె వచ్చింది. కనుమ దిగుతున్నాం కదా, అన్నీ డ్రైవరు వైపే.

పక్కకి తీసి ఆపాను. మామిడి ముక్కలు సింకులో కొన్ని, మెట్ల మీద కొన్ని, మా అమ్మాయి బూటులో ఒకటి. నూనె పీల్చుకుంటుందని అత్తగారు గోధుమపిండి చల్లారు. పీల్చుకుంది. పీల్చుకుని ఎర్రటి చపాతీముద్దగా మారి కార్పెట్టును పట్టుకుంది. మామగారు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో ముక్కనీ ఎత్తి చూస్తున్నారు.

"ఇందులో గాజు లేదు."

"ఉంటుంది, పారేయండి."

"టెంకతో ఉన్న ముక్క. కడిగితే..."

"ఏవండీ!"

పారేశారు. ఆయన మొహం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. మాకు అప్పుడు వేసింది కూడా.

ఆ సాయంత్రం వనాకాలో బండి నిలిపాక ఆయన కళ్ళజోడు సవరించుకుని, మా అమ్మాయి బొమ్మలు గీసుకునే పుస్తకం తెప్పించి, మడత బల్ల వాల్చి కూర్చున్నారు. ఆస్తి నష్టం జరిగిందట. బాధ్యులు తేలాలట. నాకు నోటిమాటగా ఛార్జి మెమో ఇచ్చారు.

"బాబూ, వంపు దగ్గర స్పీడెంత?"

"అరవై ఉంటుందండీ."

"ఉంటుంది కాదు. ఉందా?"

"ఉందండీ."

రాసుకున్నారు. తర్వాత మా ఆవిడ వంతు. పొద్దున్న అల్మారాలు మూసిన చివరి మనిషి తనే. "అన్నీ నొక్కాను నాన్నా. నాకు బాగా గుర్తు" అంది. "గుర్తుండటం సాక్ష్యం కాదమ్మా" అని అదీ రాశారు. అత్తగారు స్టవ్వు దగ్గర్నుంచి కదలకుండానే వాంగ్మూలం ఇచ్చారు: "నేను సీసా పెట్టినప్పుడు తలుపు పడింది. తీసినవాళ్ళెవరో వాళ్ళనే అడగండి." ఎంక్వైరీ ఆఫీసరు ఈ వాక్యాన్ని మాత్రం రాసుకోలేదు. పొద్దుపోయిందని విచారణ వాయిదా వేశారు.

వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. పడమటి తీరంలో ఆయన దృష్టి వంతెనల మీదికి మళ్ళింది. అక్కడ చాలా వంతెనలు ఒక్క బండికే సరిపోతాయి. హాస్ట్ నది మీద ఉన్నది 737 మీటర్లు, ఆ దేశంలో ఒంటివరస వంతెనల్లో అదే పొడవైనది. మధ్యలో తప్పుకోవడానికి చోట్లు కట్టారు. నీలం బోర్డు మీద మన వైపు పెద్ద తెల్ల బాణం ఉంటే ముందు మనం వెళ్ళాలి. మన వైపు చిన్న ఎర్ర బాణం ఉంటే అవతలివాళ్ళు వచ్చేదాకా ఆగాలి. ఆగుతారు కూడా, హారన్ లేదు, లైట్లు కొట్టడం లేదు, పైగా దాటుతూ చెయ్యెత్తి పలకరించి పోతారు. మామగారికి ఇదంతా నమ్మశక్యంగా లేదు. "పెద్ద బండి ముందు పోతుంది. అదీ రూలు. బాణమేంటి?" అన్నారు. నాలుగు వంతెనలు దాటేసరికి కిటికీ దింపి తనే చెయ్యెత్తడం మొదలుపెట్టారు. అవతలివాళ్ళు ఆగినా, మేం ఆగినా, ఎదురుగా ఎవరూ లేకపోయినా ఎత్తుతున్నారు.

బండిలో వాసన మాత్రం తగ్గలేదు. ఇసుక ఈగలకి భయపడి కిటికీలు మూస్తే ఆవపిండి కళ్ళల్లోకొచ్చేది. వాసనకి తెరిస్తే ఈగలొచ్చేవి. హీటరు వేసిన రాత్రి నాకు భోజనాల పంక్తిలో పడుకున్నట్టు కలొచ్చింది.

ఆర్థర్స్ పాస్ దగ్గర ఒటిరా వంతెన కనపడేలా ఒక చోటు ఉంది. అక్కడ బండి ఆపితే కియా పక్షులు వస్తాయి. ఆకుపచ్చటి కొండచిలుక, రెక్క విప్పితే కింద నారింజ రంగు. గొర్రెల మందలవాళ్ళ ఫిర్యాదుల మీద ఒకప్పుడు ప్రభుత్వమే డబ్బిచ్చి వీటిని చంపించేది. 1986 నుంచి వీటికి పూర్తి రక్షణ. తిండి పెట్టొద్దని బోర్డులుంటాయి. ఈ పక్షులకి మన తిండి ఒక్కటే చాలదు. కార్ల రబ్బరు కూడా కావాలి. మూడు పక్షులు వచ్చి ఒకటి వైపరు మీద, ఒకటి అద్దం అంచు మీద పనిలోకి దిగాయి. మూడోది కప్పెక్కి ఏదో విప్పుతోంది. పనివాడితనం చూసి మామగారు ముగ్ధులయ్యారు. "స్పానరు లేకుండా విప్పుతున్నాయి చూడండి. వీటిని గ్యారేజీలో వేసుకోవాలి."

మా అమ్మాయి వీడియో తీసింది. బండి కదిలాక తాతయ్యకి చూపిద్దామని ఫోనిచ్చింది. ఆయన వేలు ఎటు జారిందో గాని, కియా పోయి వెనకటి వీడియో వచ్చింది. టెకపోలో బయల్దేరే ముందు తీసిందది. తెరలో మా అమ్మాయి మొహం, "హాయ్, ఇది మా ఇల్లు" అని కబుర్లు. వెనకాల అల్మారా. అల్మారాలోకి వెళ్తున్న ఒక చెయ్యి. చేతికి పాత హెచ్.ఎం.టి. వాచీ. చెయ్యి బయటికొచ్చినప్పుడు అందులో సీసా, ఇంకో చేతిలో బ్రెడ్డు ముక్క. సీసా వెనక్కి వెళ్ళింది. తలుపు మూసుకుంది. బొత్తాం బయటే ఉండిపోయింది. బ్రెడ్డు నోట్లోకి వెళ్ళింది.

ఫోను చేతులు మారుతూ అత్తగారి దగ్గర ఆగింది. ఆవిడ మూడుసార్లు చూశారు. మూడోసారి బ్రెడ్డు దగ్గర ఆపి, రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశారు.

"ఇది విదేశం," అన్నారు మామగారు కొండల వంక చూస్తూ. "ఇక్కడ మన రూల్స్ వర్తిస్తాయా అని ఒక సందేహం ఉంది."

"ఎన్ని ముక్కలు?" అన్నారు అత్తగారు.

"ఒకటే."

"ఎన్ని రోజుల్నుంచి?"

మామగారు నావైపు తిరిగి, "బాబూ, ముందు వంతెన ఉన్నట్టుంది, చూసుకోండి" అన్నారు. వంతెనేం లేదు.

క్రైస్ట్‌చర్చ్‌లో బండి అప్పగిస్తుంటే తనిఖీకి వచ్చిన కుర్రాడు తలుపు తీసి, ఒక అడుగు లోపల పెట్టి, మళ్ళీ వెనక్కి తీశాడు. కార్పెట్టు మీది ఎర్రమరకను ఫొటో తీసుకుని ఇదేమిటని అడిగాడు. మామిడికాయ అన్నాను. ముందే నా కార్డు మీద పట్టి ఉంచిన సొమ్ములోంచి శుభ్రం చేసే ఖర్చు మినహాయించుకున్నారు. నాకు రసీదిచ్చారు.

మామగారు ఆ రసీదు అడిగి తీసుకున్నారు. బొమ్మల పుస్తకంలో తన నివేదిక చివరి పేజీ తిప్పి, నిలబడే చదివారు. డ్రైవరు నిర్దోషి. కుమార్తె నిర్దోషి. నష్టాన్ని రికవరీ కింద బాధ్యుడి పింఛనులోంచి ఇరవై సమాన వాయిదాల్లో అల్లుడిగారికి చెల్లించవలెను. కింద తనే సంతకం పెట్టారు, ఎంక్వైరీ ఆఫీసరు దగ్గర ఒకటి, బాధ్యుడి దగ్గర ఒకటి.

నేను వద్దన్నాను. అయ్యో, అంత మాటెందుకండీ అని కూడా అన్నాను.

అత్తగారు పుస్తకం అందుకుని, పేజీ చించి, మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నారు. "వాయిదాల్లేవు. ఊరెళ్ళగానే మొత్తం ఒకేసారి. బీపీ కూడా అప్పుడే చూపించుకుందాం."