సవరణ: తుక్కులోని రాగి ఫర్నేస్‌లో పోదు

ఇనుప తుక్కు మీద రాసిన పోస్టులో, "కరిగించేటప్పుడు రాగి, అల్యూమినియం లాంటివన్నీ స్లాగ్‌లోకి పోతాయి" అన్నాను (స్లాగ్ అంటే కరిగిన లోహం మీద తేలే మడ్డి). అల్యూమినియం విషయంలో అది నిజమే. రాగి విషయంలో మాత్రం పూర్తిగా తప్పు.

ఆక్సిజన్ ఊదితే అల్యూమినియం, సిలికాన్ ఇనుము కంటే ముందే ఆక్సైడ్లుగా మారి పైకి తేలతాయి. జింక్ 907 డిగ్రీలకే మరిగి పొగలో వెళ్లిపోతుంది. రాగికి ఆక్సిజన్ మీద ఇనుముకున్నంత మోజు లేదు. దాన్ని కాల్చి తీసేద్దామంటే ముందు ఇనుమే కాలిపోతుంది! అందుకే పాత కార్ల వైర్లు, మోటార్లతో వచ్చిన రాగి ఉక్కులోనే ఉండిపోతుంది. ఎన్నిసార్లు కరిగించినా అంతే.

నష్టం బయటపడేది రోలింగ్ దగ్గర, అంటే వేడి ఉక్కును రోలర్ల మధ్య నొక్కి సాగదీసేటప్పుడు. ఉక్కును 1100–1200 డిగ్రీలకు వేడి చేస్తే పైపొరలోని ఇనుము ఆక్సైడ్ అవుతుంది, రాగి దాని కింద పోగుపడుతుంది. రాగి 1085 డిగ్రీలకే కరుగుతుంది కదా, ఆ ద్రవం ఉక్కు రేణువుల మధ్యకు దిగి పగుళ్లు తెస్తుంది. తగరం తోడైతే ఇంకా చేటు.

"0.4 శాతం వరకు ఫర్వాలేదు" అని రాగి గురించి అదే పోస్టులో అన్నదీ సగం మాటే. అది నిర్మాణ కడ్డీలకు చెప్పే ఉజ్జాయింపు లెక్క. కారు బాడీ షీటుకు 0.06 శాతం దాటినా ఇబ్బందే. కాబట్టి తుక్కు దశలోనే రాగిని ఏరేయాలి, లేదా స్పాంజ్ ఐరన్ (ఖనిజం నుంచి నేరుగా తీసిన, రాగి దాదాపు లేని ఇనుము) కలిపి పలచన చేయాలి.

"ఉక్కుకు రాగి విషం" అన్న ఆ పోస్టు శీర్షిక కూడా తీసేశాను. తుప్పును తట్టుకునే కార్టెన్ ఉక్కులో రాగిని కావాలనే కలుపుతారు.