పతకం సరే, పెళ్లి సంగతి చెప్పండి

ఆ కథ నాకు వాట్సాప్‌లో మళ్లీ వచ్చింది. ఇది నాలుగోసారి. ‘ఒలింపిక్స్ ఫైనల్లో తను ఓడించిన అమ్మాయినే పెళ్లాడిన జూడో క్రీడాకారిణి!’ కింద మూడు గుండె బొమ్మలు. పంపిన పెద్దమనిషి జన్మలో జూడో చూసి ఉండడు. కరాటేకీ దానికీ తేడా ఏమిటంటే ‘రెండింటికీ తెల్లబట్టలే కదండీ’ అనే రకం.

ఆవిడ పేరు మిరియం బ్లాస్కో. 1991లో ప్రపంచ చాంపియన్. 1992 జులై 31న బార్సిలోనాలో, 56 కిలోల విభాగం ఫైనల్లో బ్రిటన్ అమ్మాయి నికోలా ఫెయిర్‌బ్రదర్‌ను ఓడించి, స్పెయిన్‌కు ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన మొదటి మహిళ అయింది. మెసేజ్‌లో ఈ ముక్క లేదు. పెడితే గుండె బొమ్మలకు చోటు చాలదు కాబోలు. చాలా ఏళ్లకు ఆ ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. హమ్మయ్య, పతకానికి అప్పటికి గిరాకీ వచ్చింది.

మరి అదే స్పెయిన్ జూడో క్రీడాకారిణి అల్ముదేనా మున్యోస్ గతేమిటి? మర్నాడే, ఆగస్టు 1న, 52 కిలోల్లో స్వర్ణం గెలిచింది. ఒక్కరోజు ఆలస్యం, అంతే! పేరుప్రఖ్యాతులు మంజూరు చేసే ఆఫీసు ఒకటి ఉందనుకోండి. కిటికీ వెనక గుమస్తా కళ్లజోడు సర్దుకుంటాడు. ‘పతకం ఒరిజినలేనా? జిరాక్స్ పెట్టారా? మొదటి మహిళా, రెండో మహిళా? రెండోవాళ్లకి మా ఫారంలో గడి లేదమ్మా. ఫైనల్లో ఓడిందెవరు? జపాన్ నోరికో మిజోగుచి. ఆవిడతో పెళ్లయిందా? కాలేదా! పోనీ గొడవైనా పడ్డారా? ఏదీ లేకుండా వట్టి పతకం పట్టుకొస్తే మేమేం చేస్తాం? నెక్స్ట్!’ ఆ నెక్స్ట్ ఇసాబెల్ ఫెర్నాండెజ్. ఒలింపిక్ జూడోలో 1996లో కాంస్యం, 2000లో స్వర్ణం, 2004లో ఏథెన్స్‌లో స్పెయిన్ జెండా పట్టి ముందు నడిచింది. ‘జెండా చాటున మొహం కనపడదు కదమ్మా’ అని గుమస్తా లంచ్ బోర్డు తగిలించాడు.

పెళ్లి వాళ్లిష్టం. నూరేళ్లూ చల్లగా ఉండాలి. నా మంట వేరే. మగవాళ్ల జూడో ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1964లో. ఆడవాళ్లకు అసలైన పతకాలిచ్చింది 1992లో. 1963 డిసెంబరులో పుట్టిన బ్లాస్కోకు అప్పటికి 28 ఏళ్లు. అంటే ఇంచుమించు ఆమె వయసంతా ఆ తలుపు మూసే ఉంది. ఆమె కంటే పదేళ్లు ముందు పుట్టి, గెలిచే సత్తా ఉండీ మ్యాట్ మీద కాలు పెట్టకుండానే వయసైపోయిన ఆడవాళ్లను ఎవడు లెక్కపెట్టాడు? పోటీలకు కొద్ది వారాల ముందు ఆమె కోచ్ సెర్జియో కార్డెల్ మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు. ఆ దుఃఖంతోనే బరిలోకి దిగి గెలిచిందయ్యా మనిషి! దానికి ఒక్క వాక్యం ఖర్చు పెట్టలేరా? సిగ్గుండక్కర్లేదా?

ఇదంతా ఆ పెద్దమనిషికి రాసి పంపాను. వెంటనే నీలం టిక్కులు పడ్డాయి. పది నిమిషాలకు జవాబు వచ్చింది.

‘సూపర్ సార్. ఇంతకీ కరాటేలో ఆవిడది బ్లాక్ బెల్టేనా?’