సవరణ: యూటీఎఫ్-8లో తెలుగుకు 2 బైట్లు కాదు, 3
మా సాఫ్ట్‌వేర్ వాడుక పత్రంలోని చిన్న తప్పులను దిద్దుతూ మొన్న పెట్టిన పోస్టులో, కంప్యూటర్లో అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి అయిన యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికి 2 బైట్లు చాలునని రాశాను. అది తప్పు, యూటీఎఫ్-16 అనే మరో పద్ధతి లెక్కను పొరపాటున అక్కడ రాశాను. ఒక్కో అక్షరానికి, గుర్తుకు ఒక సంఖ్యను (సంకేతాన్ని) కేటాయించే యూనికోడ్ ప్రమాణం ప్రకారం యూటీఎఫ్-8లో 2 బైట్లు 2047వ సంకేతం వరకే సరిపోతాయి, తెలుగు సంకేతాల వరుస 3072 నుంచి 3199 వరకు ఉంది కనుక ఒక్కోదానికి 3 బైట్లు కావాలి. పైగా కంటికి ఒకే అక్షరంగా కనిపించే ‘క్షి’లో క, పొల్లు, ష, గుడి అనే నాలుగు సంకేతాలున్నాయి కాబట్టి దానికొక్కదానికే 12 బైట్లు పడతాయి. నా మాట నమ్మి పేరు రాసే గడికి 60 బైట్ల పరిమితి పెట్టినవారు దయచేసి దాన్ని పెంచండి: అందులో 30 కాదు, 20 సంకేతాలే పడతాయి. పత్రంలోనూ ఆ వాక్యాన్ని సరిచేశాను.