ఎముకలు విరిచే పువ్వు, నింద మోసే ఆవు

బ్రిటన్‌లో చిత్తడి హీత్ నేలల్లో (హీత్ అంటే సారం తక్కువైన, పొట్టి పొదలు పెరిగే బయలు నేల) బాగ్ ఆస్ఫొడెల్ అని ఓ పసుపు పువ్వు ఉంటుంది, దాని లాటిన్ పేరులో ఆసిఫ్రాగమ్ అని ఉంటుంది, అంటే ఎముకలు విరిచేది అని. దాన్ని మేస్తే గొర్రెల ఎముకలు పెళుసైపోతాయని పాతకాలం వాళ్లు నమ్మేవాళ్లు. నిజానికి ఆ నేలలోనే కాల్షియం తక్కువ, పాపం పువ్వేం చేసింది? ఇప్పుడు ఆవుల మీద పడుతున్న నింద కూడా అలాంటిదే. పూలు తగ్గాయా, కంచె వేసి పశువుల్ని తోలేయండి అంటారు.

అసలు ఆ నేల అలా మిగిలిందే పశువుల వల్ల. ఇంగ్లండ్‌లోని సర్రేలో ఫార్నమ్ దగ్గర హీత్‌లో ఒక చదరపు గజంలో 32 పైన్ మొక్కలు లెక్కపెట్టానని డార్విన్ 1859లోనే రాశాడు, వాటిలో ఒకటైతే 26 ఏళ్లుగా తలెత్తాలని చూస్తూనే ఉంది, పశువులు కొరికేస్తూనే ఉన్నాయి. కంచె వేసిన చోట మాత్రం పైన్ చెట్లు కిక్కిరిసిపోయాయి. ఆ నీడలో ఈ పూలెలా బతుకుతాయి?

గిట్టల సంగతి ఇంకా ముఖ్యం. ఈ నేలల్లోనే పూసే నీలం రంగు పువ్వు మార్ష్ జెన్షియన్ విత్తనం మొలవాలంటే ఖాళీగా, తడిగా ఉన్న మట్టి కావాలి. మొలీనియా గడ్డి దుబ్బులు దుబ్బులుగా పెరిగి, ఎండిన ఆకులతో నేలంతా కప్పేస్తుంది. ఆవు నాలుకతో చుట్టి ఆ గడ్డిని పీకుతుంది, గొర్రెలా పూలు ఏరుకుని కొరకదు, నడిచిన చోటల్లా గిట్ట గుంట వదిలిపోతుంది, విత్తనానికి అదే చోటు. పురుగుల్ని పట్టి తినే సన్‌డ్యూ కూడా నేలకి అంటుకుని ఉండేదే, గడ్డి కప్పేస్తే దానికి వెలుతురుండదు. పైగా వాహనాల పొగ నుంచి, పొలాల నుంచి గాల్లో కలిసిన నైట్రోజన్ వానతో పడి మొలీనియాని ఇంకా పెంచుతోంది. అంటే మేసే నోళ్ల అవసరం ఇప్పుడే ఎక్కువ.

మందలు ఎక్కువైతే స్ఫాగ్నమ్ నాచు నలిగిపోతుంది, దాని కింద పీట్, అంటే కుళ్లిన మొక్కలు పేరుకున్న మట్టి, బయటపడుతుంది అంటారు, ఒప్పుకుంటా. కానీ అది ఎన్ని పశువులు, ఏ నెలల్లో అన్న లెక్క తప్పడం. దక్షిణ ఇంగ్లండ్‌లోని న్యూ ఫారెస్ట్‌లో ఇప్పటికీ ఆవులు, గుర్రాలు మేస్తున్నాయి, జెన్షియన్ కూడా అక్కడ పూస్తోంది.

నా అసలు కోపం వేరే. ప్రకృతిని కాపాడతామంటూ వచ్చేవాళ్లకి మొదట దొంగలా కనిపించేది పశువుల కాపరే. మన భరత్‌పూర్ పక్షుల పార్కులో 1982లో గేదెల మేత ఆపేశారు, గొడవలై కాల్పుల్లో జనం పోయారు. ఆ తర్వాత గడ్డి పెరిగి చెరువుల్ని కమ్మేసింది, గేదెలుంటేనే మేలని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ స్టడీలోనే తేలింది. చివరికి గడ్డి కోసుకెళ్లమని ఆ ఊళ్లవాళ్లకే పర్మిషన్ ఇచ్చారు.