‘ఆరు నెలల సరుకులు’ మెసేజ్‌లో ఉన్న తప్పులు

మా కాలనీ గ్రూపులో, చుట్టాల గ్రూపులో, ఇప్పుడు పిల్లల బడి గ్రూపులో కూడా అదే మెసేజ్. ‘ఆపద చెప్పి రాదు. ప్రతి ఇంట్లో ఆరు నెలల బియ్యం, పప్పు, నూనె ఒకేసారి కొని పెట్టుకోండి. ముప్పై వేలు అవుతుంది, అప్పు చేసైనా కొనండి. మన తాతలు ఏడాది తిండి నిల్వ చేసుకునేవాళ్లు. పురుగు పట్టకుండా బస్తాలో మందు గోళీలు వేసి మూతి కట్టేయండి, మళ్లీ ముట్టుకునే పని లేదు.’ పంపినవాళ్లు మన మేలు కోరే పంపారు. కానీ ఇందులో ఒక మాట ప్రాణం తీసేది. అందుకే చివరి నుంచి మొదలుపెడుతున్నా.

‘మందు గోళీలు వేయండి.’ వేయకండి. గోదాముల్లో ధాన్యానికి వాడే ఆ గోళీలు అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగిలితే చాలు, వాటి నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. పురుగును చంపేది ఆ వాయువే, మనిషిని చంపేదీ అదే. దానికి విరుగుడు మందు లేదు. శిక్షణ ఉన్నవాళ్లు, మనుషులు మెలగని చోట, పైన గట్టిగా కప్పి వాడాల్సిన మందు అది. మన ఇళ్లల్లో బియ్యం బస్తా ఎక్కడ ఉంటుంది? పిల్లలు పడుకునే మంచం పక్కన. వానకాలంలో కిటికీలు మూసే ఉంటాయి, గాలి నిండా చెమ్మే. ఇప్పటికే వేసి ఉంటే తలుపులు, కిటికీలు తెరిచి అందరూ బయటికి రండి. గోళీల మీద నీళ్లు పోయకండి, వాటిని చేత్తో ఏరకండి, 101కి ఫోన్ చేయండి. ఎవరికైనా వాంతులు, ఆయాసం, ఛాతీలో బిగపట్టినట్టు ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.

మరి పురుగుకు ఏం చేయాలి? మూత గట్టిగా పడే స్టీలు డబ్బా, బాగా ఎండిన వేపాకు, కందిపప్పుకు కొంచెం ఆముదం రాయడం. ఇవి కొంతవరకు ఆపుతాయి. ముక్కపురుగు గింజ లోపలే గుడ్డు పెడుతుంది కాబట్టి పూర్తిగా ఆపలేవు. 2025 జూన్‌లో రేషన్ షాపులో మూడు నెలల బియ్యం ఒకేసారి ఇచ్చారు కదా, మా ఇంట్లో ఆగస్టుకల్లా అడుగు సంచి జల్లెడ పడితే బియ్యం కంటే ముందు పురుగులే రాలాయి. వాడుకునేంత తెచ్చుకోవడం, ముందు తెచ్చింది ముందు వండుకోవడం తప్ప దారి లేదు.

‘తాతలు ఏడాది తిండి దాచారు.’ దాచారు, నిజమే. కానీ వాళ్లు గుమ్మిలో పోసింది వడ్లు, మరపట్టించిన బియ్యం కాదు. పొట్టు ఉన్నంతకాలం గింజకు అదే కవచం. గుమ్మిని పేడతో అలికి, వడ్లను బాగా ఎండబోసి నింపేవాళ్లు. కావలసినప్పుడు కొన్ని తీసి దంచుకునేవాళ్లు, తర్వాతి రోజుల్లో గిర్నీకి పట్టుకుపోయేవాళ్లు. రెండు గదుల అద్దె ఇంట్లో, ప్లాస్టిక్ సంచిలో, పాలిష్ చేసిన బియ్యంతో ఆ లెక్క కుదరదు.

‘ఆరు నెలలకు కొనండి.’ మనిషికి నెలకు ఆరు కిలోలు అనుకుంటే నలుగురికి 144 కిలోల బియ్యం. అంటే 25 కిలోల సంచులు దాదాపు ఆరు. ఎక్కడ పెడతాం? నేల మీదే. మన దగ్గరికి వచ్చే ఆపద ఏమిటి? నీళ్లు. 2023 జూలై 27న భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరంతా మునిగింది, జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. ఆ వానలకే ఇక్కడ వరంగల్‌లో బొందివాగు నాలా పొంగి హంటర్ రోడ్డు పక్క కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. మాదీ ఆ పక్కే. తెల్లారేసరికి వంటింట్లో మోకాలి లోతు బురదనీళ్లు. కొత్త బియ్యం సంచి కింది సగం తాగి ఉబ్బింది, మూడో రోజుకు వాసన పట్టలేకపోయాం. కరెంటు లేదు, పొయ్యి వెలిగించే చోటు లేదు. సజ్జ మీద డబ్బాలో మా అత్తమ్మ పెట్టిన అటుకులు, పుట్నాలు ఉన్నాయి. మేమూ, పక్కింటి అక్కవాళ్లూ రెండు రోజులు వాటితోనే గడిపాం.

అప్పుడు తెలిసింది, వండకుండా తినగలిగేదే అక్కరకొచ్చే సరుకని. ఆరు నెలల బియ్యం ఉన్నా నిప్పు లేకపోతే పస్తే.

‘ముప్పై వేలు అవుతుంది.’ అవసరమే లేదు. నలుగురికి నేను పెట్టుకున్నది ఇది: అటుకులు రెండు కిలోలు, పుట్నాలు ఒక కిలో, వేయించిన పల్లీలు ఒక కిలో, బెల్లం ఒక కిలో. మొత్తం దాదాపు 20 వేల కేలరీలు. నలుగురికి మూడు రోజులు పంచితే మనిషికి రోజుకు పదహారు వందల పైచిలుకు. కడుపు నిండుతుంది, పుట్నాలు, పల్లీలతో మాంసకృత్తులూ అందుతాయి. మా కిరాణంలో ఐదారు వందలయ్యాయి, అదీ ఒకేసారి కాదు, వారానికొకటి కొన్నాను. దీనికి తోడు ఉప్పు, చింతపండు, మామిడికాయ తొక్కు ఇంట్లో ఉన్నవే. బతుకమ్మ పండుగకు చేసుకునే సత్తుపిండి ఉంటే ఇంకా మంచిది. అప్పు తెచ్చి కొంటే వడ్డీ మనం కట్టాలి, సరుకేమో పురుగు తింటుంది. షుగర్ ఉన్నవాళ్లకు బెల్లం బదులు పల్లీలు, పుట్నాలు ఎక్కువ పెట్టండి. వాళ్ల మందులు కూడా వారానికి సరిపడా అదే డబ్బాలో ఉండాలి.

మెసేజ్‌లో నీళ్ల ఊసే లేదు. నాకు అన్నిటికంటే బాధ అనిపించింది అదే. మనిషికి రోజుకు కనీసం మూడు లీటర్ల మంచినీళ్లు కావాలి. వరదనీళ్లు కలిసిన సంపు నీళ్లు తాగడానికి పనికిరావు, కరెంటు పోతే మోటారూ నడవదు. భారీ వాన హెచ్చరిక వినగానే పై ట్యాంకు, బిందెలు, మూత ఉన్న క్యాన్లు నింపి పెట్టుకోండి. విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి తాగించాలి. అందుకని చక్కెర పావుకిలో కూడా డబ్బాలో వేసుకోండి.

ఇక ‘మళ్లీ ముట్టుకునే పని లేదు’ అన్నది. ముట్టుకోవాలి. మూడు నెలలకోసారి డబ్బా దింపి, అటుకులకు పోపు పెట్టి తినేసి, పల్లీలు పాత నూనె వాసన కొట్టకముందే తొక్కు నూరుకుని, కొత్తవి నింపుతాం. మృగశిర కార్తెకు ముందు ఒకసారి తప్పకుండా. 2025 అక్టోబర్‌లో మొంథా తుఫానుకు మళ్లీ కాలనీలు మునిగినప్పుడు డబ్బా సజ్జ మీద నిండుగానే ఉంది. కరెంటు లేని ఆ రాత్రి మా అత్తమ్మ చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి నలిపి, పోపు లేకుండానే పచ్చిపులుసు చేసింది. అటుకుల మీద పోసుకుని పిల్లలు రెండోసారి అడిగి తిన్నారు.