గోమార్లు గోడలో ఉంటే మందు ఆవుకేనా?

అనంతపురం, కడప జిల్లాల్లో వాన తప్పి వేరుశనగ చేతికి రాని ఏడాది ఇల్లు నడిపేది పాల డబ్బే. ఆ ధైర్యంతోనే అప్పు చేసి జెర్సీ, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులను కొన్న రైతు ఇంట ఆవుకు గోమార్ల (పిడుదుల) జ్వరం వస్తే ముందు పాలు పోతాయి, ఆలస్యమైతే ఆవే పోతుంది.

గోమార్లు మోసుకొచ్చే రక్తపు జబ్బుల్లో ముఖ్యమైనవి మూడు. థైలేరియాలో జ్వరం 104 డిగ్రీలు దాటి, భుజం ముందున్న గ్రంథి ఉబ్బి చేతికి తగులుతుంది. బెబీసియాలో మూత్రం కాఫీ రంగులో పడుతుంది. అనాప్లాస్మాలో కంటిపొరలు పచ్చబడి పేడ గట్టిపడుతుంది. మొదటి రోజుల్లో మాత్రం మూడింటిలోనూ కనిపించేది జ్వరం, మేత ముట్టకపోవడం, పాలు తగ్గడమే. మందులు వేర్వేరు: బెబీసియాకు వాడే డిమినజీన్ థైలేరియాను తగ్గించదు, దానికి బుపర్వాక్వోన్ కావాలి. 20 కిలోల బరువుకు ఒక మిల్లీలీటరు లెక్కన 300 కిలోల ఆవుకు 15 మిల్లీలీటర్లు పట్టే ఆ మందు చవకైనది కాదు. చెవి నరం నుంచి చుక్క రక్తం తీసి, గాజుపలక మీద పరచి, రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే చాలావరకు తేలిపోయే విషయాన్ని ఊహకు వదిలేసి వరసగా సూదులు వేయించడం రైతుకు దండగ.

అయితే సూది సరైనదే పడినా సగం పనే అయినట్టు. థైలేరియాను మోసే హయలోమ్మా జాతి గోమారి పిల్లదశలో జబ్బు సోకిన పశువు రక్తం తాగి, రాలిపోయి, గోడ పగుళ్లలో దూరి కుబుసం విడుస్తుంది. పెద్దదై బయటికొచ్చి మరో పశువును కుట్టినప్పుడు జబ్బును అంటిస్తుంది. రాళ్లు పేర్చి మట్టితో కట్టిన మన పాత కొట్టాలు, అతుకులు పూడ్చని బండపరుపులు దానికి కావలసినంత చోటిస్తాయి. పశువు ఒంటిమీద మందు పిచికారీ చేసి గోడను వదిలేస్తే ఆ రోజు ఒంటిమీదున్నవే చస్తాయి. పైగా జబ్బు నుంచి కోలుకున్న ఆవుల్లోనూ, పైకి ఆరోగ్యంగా తిరిగే నాటు పశువుల్లోనూ థైలేరియా పరాన్నజీవి మిగిలి ఉంటుంది. కనుక ఆవుకు రుణమిచ్చేవారు కొట్టం గోడ పూతకు, నేల అతుకుల సిమెంటుకు కూడా నాలుగు రాళ్లు కలిపి ఇవ్వడం న్యాయం.

సంకర దూడలకు రెండు నెలలు నిండాక వేయదగిన థైలేరియా టీకాను హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునాలజికల్స్ ఏనాడో తయారు చేసింది. దాన్ని ద్రవ నత్రజనిలో ఉంచాలన్నది ఇబ్బందే గానీ, చూడి కట్టించే వీర్యం గొట్టాల కోసం అదే నత్రజని క్యాన్లు పల్లె పశువైద్యశాలల దాకా ఎలాగూ వస్తున్నాయి. కరిగించిన టీకాను వెంటనే వాడేయాలి కాబట్టి ఊళ్లోని సంకర దూడలన్నిటినీ ఒకే పూట ఒకచోటికి తోలాలి. రెండు పూటలా పాలకేంద్రం దగ్గర వరస కట్టే ఊళ్లకు అదేమంత పెద్ద పని కాదు.