సవరణ: జపనీస్‌లో చిన్న ‘త్సు’, అచ్చులేని ‘న్’

జపనీస్ లిపి హిరగానా పాఠంలో “చిన్న త్సు (చిన్న సైజులో రాసే త్సు అక్షరం) పలకదు, దాటేసి చదవండి” అని ఉంది. దాటేయకూడదు. త్సు అనే శబ్దం వినిపించదన్నంత వరకే నిజం; దానికీ ఒక మాత్ర కాలం ఉంటుంది, తర్వాతి హల్లును ఒత్తిపట్టి ఆ మాత్ర నింపాలి. కి, చిన్న త్సు, తె కలిస్తే ‘కిత్తె’, మూడు మాత్రలు, అర్థం తపాలా బిళ్ల. దాటేస్తే ‘కితె’, అంటే ‘వచ్చి’. అత్త, అక్క అనే నోటికి ఇది కష్టమేమీ కాదు. తంటా అంతా కంటితోనే: చిన్నదాన్ని పెద్దదనుకుని ‘కిత్సుతె’ అని చదివేస్తారు. అడ్డంగా రాస్తే గడిలో ఎడమవైపు కింద, నిలువుగా రాస్తే కుడివైపు పైన, చిన్న సైజులో రాయాలి. టైప్ చేసేటప్పుడు రోమన్ హల్లును రెండుసార్లు కొడితే అదే వస్తుంది.

న ఒత్తుకు మాత్రం చిన్న త్సు వాడరు. ‘మిన్న’ (అందరూ) రాయాలంటే మి, న్, న. టైపింగులో ఎన్ మూడుసార్లు.

అచ్చులేని ‘న్’ అక్షరం ఎప్పుడూ న్‌గానే పలుకుతుందన్న వాక్యం కూడా పాఠంలోంచి తీసేయండి. అది మన సున్నా లాంటిది. బ ముందు మ్ అవుతుంది: షింబున్, వార్తాపత్రిక. క ముందు ఙ్: గింకో, బ్యాంకు. అచ్చు ముందు మాత్రం జాగ్రత్త, దానితో కలపకూడదు. ‘కిన్‌ఎన్’ అంటే పొగతాగరాదు. కలిపేస్తే ‘కినెన్’, స్మారకం. టైప్ చేసేటప్పుడూ అక్కడ ఎన్ రెండుసార్లు కొట్టకపోతే స్మారకమే వస్తుంది.